బగ్స్ బన్నీ, డాఫీ డక్, ట్వీటీ: అన్నిటికీ గొంతు ఒకరిదేనా?

అవును, ఈ అమెరికన్ కార్టూన్ పాత్రలకి దశాబ్దాల పాటు గొంతిచ్చింది ఒక్కడే, మెల్ బ్లాంక్. 1908లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టి, పోర్ట్‌లాండ్‌లో పెరిగాడు. ముందు రేడియోలో పేరు తెచ్చుకున్నాడు. హాస్యనటుడు జాక్ బెన్నీ రేడియో షోలో డొక్కు కారు స్టార్టవ్వక దగ్గుతూ మూలిగే చప్పుడు కూడా ఆయన నోటితో చేసిందే! 1937 నుంచి వార్నర్ బ్రదర్స్ కార్టూన్లలో నత్తి పంది పోర్కీకి గొంతిచ్చాడు. ఆ తర్వాత మిగతావన్నీ వరస కట్టాయి.

ఇందులో చిన్న కిటుకు ఉంది. సిల్వెస్టర్ పిల్లి, డాఫీ బాతు గొంతులు దాదాపు ఒకటే. రెండూ తుంపర్లు పడేలా మాట్లాడతాయి. డాఫీ రికార్డింగును కాస్త వేగం పెంచి వినిపించేవారు, అంతే తేడా. కుందేలు బగ్స్ కోసం మైకు ముందు నిజంగానే క్యారెట్ కొరికి, నమిలి, డైలాగు చెప్పడానికి వెంటనే ఉమ్మేసేవాడు.

1961లో ఘోరమైన కారు ప్రమాదం జరిగి రెండు వారాలు కోమాలో ఉన్నాడు. పేరు పెట్టి పిలిస్తే పలకలేదు. డాక్టరు "బగ్స్ బన్నీ, ఎలా ఉన్నావ్?" అంటే బగ్స్ గొంతుతో పలికాడట. ఒళ్లంతా పిండికట్టుతో మంచం మీద పడుకునే, కార్టూన్ సీరియల్ ఫ్లింట్‌స్టోన్స్‌లో బార్నీ అనే పాత్ర డైలాగులు చెప్పాడు. 1989లో చనిపోయాడు.

అన్నట్టు, బగ్స్‌ను వేటాడే ఎల్మర్ ఫడ్ గొంతు మాత్రం చాలాకాలం ఆర్థర్ క్యూ. బ్రయన్‌ది. పాపం, తెర మీద ఆయన పేరు వేసేవారే కాదు.