గొలుసు తిరిగి అడగడం స్వార్థం కాదమ్మా

ప్రశ్న: మాది ఒడిశాలోని గుణుపురం, తెలుగువాళ్లం. నాకు 29 ఏళ్లు. రాయగడలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచరుని. వరసకు బావ అయ్యే అబ్బాయిని ఆరేళ్లుగా ప్రేమిస్తున్నాను. విశాఖలో అతని కోచింగ్‌కి, రూము అద్దెకి నా జీతంలోంచే పంపాను. పోయినేడాది నా మూడు తులాల గొలుసు బ్యాంకులో కుదువపెట్టి లక్షన్నర ఇచ్చాను. 'ఉద్యోగం రాగానే తీర్చేస్తా' అని మెసేజ్ పెట్టాడు. ఉద్యోగం వచ్చింది. పెళ్లి మాటెత్తితే 'అమ్మ ఒప్పుకోవట్లేదు, ఇంకో ఏడాది ఆగు' అంటున్నాడు. మా ఒడిశా వైపు చేసే రజ పండగకి పోడపిఠా అనే పిండివంట పట్టుకెళ్తే, స్టేషన్ బయటే డబ్బా అందుకుని రూముకి రావద్దన్నాడు. తిరుగు రైలు వచ్చేదాకా ప్లాట్‌ఫారం మీదే కూర్చున్నాను. ఇంకా ఆగాలా? డబ్బు అడిగితే స్వార్థం అవుతుందా?

జవాబు: అమ్మా, ఆ డబ్బా సంగతి నేను మళ్లీ మళ్లీ చదివాను. పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం దాటుకుంటూ అంత దూరం వెళ్లారు. తిన్నావా అని అతను అడిగాడో లేదో మీరు రాయలేదు. అడిగి ఉంటే తప్పకుండా రాసేవారు. మీ వైపు రజ రోజుల్లో భూదేవికి విశ్రాంతి అని నాగలి కూడా కట్టరు, ఆడపిల్లల్ని పని ముట్టుకోనివ్వరు. ఉయ్యాల ఊగాల్సిన రోజున మీరు ప్లాట్‌ఫారం మీద ఒంటరిగా కూర్చున్నారు. నాకు చాలా బాధేసింది.

అడగడం స్వార్థం కాదు. ఆరేళ్లలో మీరు ఇవ్వడమే చేశారు, అడగడం అలవాటు తప్పింది. అందుకే ఇప్పుడు అడగాలంటే తప్పు చేస్తున్నట్టు అనిపిస్తోంది.

ఫీజులు, అద్దె ప్రేమతో ఇచ్చారు. వదిలేయాలనిపిస్తే వదిలేయండి, అది మీ ఇష్టం. గొలుసు మాత్రం వదలొద్దు. తీరుస్తానని అతనే అన్నాడు కాబట్టి అది చేబదులు. తాకట్టు మీ పేరున ఉంది, వడ్డీ మీ మీద పెరుగుతోంది, కట్టకుండా గడువు దాటిపోతే వేలానికి వెళ్తుంది. ముందు బ్యాంకుకి వెళ్లి విడిపించడానికి ఎంత కట్టాలో కాగితం మీద రాయించుకోండి. ఆ అంకె, ఒక తేదీ వేసి అతనికి మెసేజ్ పెట్టండి. సంజాయిషీలు వద్దు, 'నీకు ఇబ్బందైతే పర్లేదు' అని చివర చేర్చొద్దు. జవాబు రాకపోతే ఆ మౌనాన్ని మీరు నింపకండి.

పాత మెసేజ్‌లు చెరపొద్దు, డబ్బు పంపిన బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి పెట్టుకోండి. చేబదులు రాబట్టుకోవడానికి కోర్టులో మామూలుగా మూడేళ్ల గడువు ఉంటుంది. మీరు ఇచ్చింది పోయినేడాదే. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం ఇవ్వాలని 1987 నాటి చట్టమే ఉంది. రాయగడలో జిల్లా న్యాయసేవల సంస్థకి వెళ్లొచ్చు, 15100కి ఫోన్ చేసినా చాలు. అక్కడిదాకా వెళ్లాల్సిన అవసరం రాకపోవచ్చు, కానీ దారి ఉందని తెలిస్తే టెన్షన్ కొంత తగ్గుతుంది.

ఇక ఆగడం గురించి. ఈ ఏడాదిలో వాళ్లమ్మని ఒప్పించడానికి అతను ఏం చేస్తాడట? అది అడగండి. బంధువులే కదా, ఒక నెలలోపు రెండిళ్ల పెద్దల్నీ కూర్చోబెట్టి, అతను వాళ్ల ముందు నోరు విప్పి మాట్లాడాలి. దానికి రానంటే మీకు జవాబు వచ్చేసినట్టే. అప్పుడు ఏడుపొస్తుంది, కొన్నాళ్లు నిద్ర పట్టదు, మళ్లీ ఏదో ఒకటి పంపాలని చెయ్యి లాగుతుంది. ఆ రోజుల్లో ఒంటరిగా ఉండొద్దు.

అందుకే ఈ ఆదివారం గుణుపురం వెళ్లి గొలుసు సంగతి మీ అమ్మగారికి మీరే చెప్పండి. మీ మెడ బోసిగా ఉండటం ఆవిడ ఎప్పుడో చూసే ఉంటారు.