వాన చూడని ఇంటికి బయానా ఇవ్వకండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివానండి. తార్నాకలో అద్దెకుంటున్నారు. ఘట్‌కేసర్‌లో 150 గజాల్లో కొత్తగా కట్టిన ఇండిపెండెంట్ ఇల్లు ఇంట్లో అందరికీ నచ్చింది. ధర 80 లక్షలు. వేరే వాళ్లు కూడా చూసి వెళ్లారని, ఆదివారంలోగా ఐదు లక్షలు బయానా ఇవ్వాలని బిల్డరు తొందరపెడుతున్నాడు. మీ ఉద్యోగం సికింద్రాబాద్‌లో, మీవారిది రాయదుర్గంలో. ఇవ్వవచ్చా అని అడిగారు.

ఆదివారం ఇవ్వకండి. ఆ ఇల్లు కొనవద్దని కాదు. మేము 2020 ఫిబ్రవరిలో ఘట్‌కేసర్‌లోనే, అన్నే గజాల్లో, అలాంటి కొత్త ఇల్లే కొన్నాం. ఇప్పటికీ అందులోనే ఉంటున్నాం, ఆ ఇల్లంటే నాకు ప్రాణం. అయినా మీ మాటల్లో అప్పటి మా తొందరే కనిపించింది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మేము ఇల్లు చూసింది ఫిబ్రవరి ఎండలో. గోడలకు అప్పుడే పుట్టీ పెట్టి రంగు వేశారు. టైల్స్ అద్దాల్లా మెరుస్తున్నాయి. తూర్పు గుమ్మం, పూజగది ఈశాన్యంలో. మా అత్తగారు వంటింట్లో నిలబడి పొయ్యి ఎక్కడ, నీళ్ల బిందె ఎక్కడ అని అప్పుడే చూసుకుంటున్నారు. నలుగురం కలిసి ఇరవై నిమిషాల్లో నిర్ణయించేసుకున్నాం. మార్చి మొదట్లో పాలు పొంగించి, జులైలో సామాను చేర్చాం.

2020 అక్టోబరు 13 నాటి వాన మీకూ గుర్తుండే ఉంటుంది. ఘట్‌కేసర్ ప్రాంతంలో ఒక్క రోజులో 30 సెంటీమీటర్లకు పైగా పడింది. రాత్రి భోజనాలయ్యాక పడకగదిలోకి వెళ్తే, ఫ్యాను రాడ్డు వెంట నీటి చుక్క దిగి, రెక్క అంచున కాసేపు ఆగి, దుప్పటి మీద పడుతోంది. మెయిన్ ఆపేసి, బాబును హాల్లోకి మార్చాం. మావారు టార్చి పట్టుకుని డాబా ఎక్కి చూస్తే చీలమండలు మునిగేంత నీళ్లు నిలిచి ఉన్నాయి. నీళ్లు పోవలసిన గొట్టం నోరు డాబా నేల కంటే రెండు వేళ్లు ఎత్తులో ఉంది. వాటం అంతా గొట్టం వైపు కాక మా పడకగది వైపు ఉంది. కింద చూస్తే వీధిలో పారుతున్న నీరు సంపు మూత దాటి లోపలికి పోతోంది, ఎందుకంటే సంపు గొంతు రోడ్డుకు సమానంగా కట్టారు. పొద్దున కుళాయి తిప్పితే మురుగు వాసన. ఆ రోజు మా వంటింట్లో పొయ్యి వెలగలేదు.

బిల్డరుకు ఫోను చేస్తే మర్యాదగానే మాట్లాడాడు. పది రోజుల తర్వాత ఒక మనిషి వచ్చి పగుళ్లలో తెల్ల సిమెంటు పూసి వెళ్లాడు. మరుసటి జూన్‌లో అదే చోట మళ్లీ కారింది. ఆ తర్వాత ఫోను ఎత్తడం మానేశాడు. డాబా మీద వాటం మళ్లీ తీయించి, వాటర్‌ప్రూఫింగ్ చేయించి, సంపు గొంతు అడుగున్నర ఎత్తు లేపడానికి మాకు లక్షా నలభై వేలు అయింది.

అదే బిల్డరు కట్టిన పక్కిల్లు 2021లో అమ్ముడుపోయింది. కొన్నవారు మొదట మా ఇంటికి వచ్చి మా అనుభవం అడిగి తెలుసుకున్నారు. వంద రూపాయల స్టాంపు కాగితం మీద, వచ్చే వానాకాలం ముగిసేలోగా డాబా, బాత్రూములు, సంపు, గోడల్లో ఏ లోపం బయటపడ్డా తన ఖర్చుతో బాగుచేస్తానని బిల్డరు చేత రాయించుకున్నారు. హామీగా లక్ష రూపాయల చెక్కు కూడా తీసుకున్నారు. వాళ్ల డాబా కూడా కారింది, కానీ నాలుగో రోజుకల్లా మేస్త్రి వచ్చాడు. మీరు అడగవలసినది ఆ కాగితమే. రేటులో యాభై వేలు తగ్గించమని బేరమాడటం కన్నా అది ఎక్కువ విలువైనది.

దీని వెనుక చట్టపరమైన కారణం కూడా ఉంది. 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం ఇల్లు స్వాధీనం చేసిన తర్వాత ఐదేళ్లలోపు నిర్మాణ లోపం బయటపడితే బిల్డరు 30 రోజుల్లో సొంత ఖర్చుతో సరిచేయాలి. ఒప్పందాన్ని రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి ముందుగా తీసుకోకూడదు. కానీ స్థలం 500 చదరపు మీటర్లు దాటని, లేదా ఎనిమిది ఇళ్లకు మించని పనులకు రెరా రిజిస్ట్రేషన్ అవసరం లేదు. మా బిల్డరు వరుసగా మూడు ఇళ్లు కట్టాడు. మూడింటికీ కలిపి 450 గజాలు, అంటే సుమారు 376 చదరపు మీటర్లు. రెరా నంబరు ఎక్కడిదని అడిగితే అవసరం లేదన్నాడు, అది నిజమే. ఊరి చివరి కాలనీల్లో ఇలా రెండు మూడు ఇళ్లు కట్టి అమ్మేవాళ్ల దగ్గర కొనేవారికి ఆ రక్షణ చేతికి అందదు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు కానీ, అక్కడ కూడా చేతిలో కాగితం ఉంటేనే మన మాట నిలబడుతుంది.

ఇప్పుడు వానాకాలం కాకపోతే వానను మీరే కురిపించండి. డాబా గొట్టం నోట్లో గుడ్డ కుక్కి, రెండు అంగుళాల నీళ్లు ఒక పగలూ రాత్రీ నిలపమనండి. మరునాడు కింద గదుల పైకప్పుకు అరచేయి ఆనించి చూడండి. నిజాయితీగా కట్టినవాడైతే దీనికి ఒప్పుకుంటాడు. బాత్రూముల్లో రెండు బకెట్లు గుమ్మరించి నీళ్లు ఎటు పోతున్నాయో చూడండి. మా ఇంట్లో తలుపు వైపు వచ్చాయి. బాత్రూముకు ఆనుకున్న పడకగది గోడ అడుగున ఉప్పు చల్లినట్లు తెల్లగా పొడి పూసిందంటే లోపల చెమ్మ ఉన్నట్లే, దాని మీద ఎన్నిసార్లు రంగు వేసినా నిలవదు. రూపాయి బిళ్లతో టైల్స్ మీద కొట్టుకుంటూ నడవండి. గట్టి చప్పుడు వచ్చే చోట సరే, డొల్ల చప్పుడు వస్తే కింద సిమెంటు సరిగా పరచలేదని అర్థం. మా హాల్లో అలాంటివి పదకొండు టైల్స్ ఉండేవి, రెండేళ్లలో నాలుగు లేచాయి. పిల్లరూ ఇటుక గోడా కలిసే చోట నిలువు గీత కనిపిస్తే, ప్లాస్టరింగ్‌కు ముందు అక్కడ ఇనుప జాలి కొట్టారా అని అడగండి. ఇవన్నీ తెలిసిన మేస్త్రిని ఒక పూట కూలి ఇచ్చి వెంట తీసుకువెళ్లండి. ఇంజినీరు దొరికితే మరీ మంచిది.

తర్వాత ఊరి పాతవాళ్లతో మాట్లాడండి. మా వీధికి పాలు పోసే పెద్దాయన ఆ చుట్టుపక్కల పుట్టి పెరిగినవాడు. ఒకరోజు గేటు దగ్గర నిలబడి, "అమ్మా, మీ ఇల్లు గట్టు మీద ఉంది. వెనక వీధి అంతా వరి మడులు. అక్కడ మట్టి పోసి ప్లాట్లు చేశారు" అన్నాడు. వెనక వీధిలో రెండు ప్రహరీ గోడలు ఎందుకు ఒరిగాయో అప్పుడు తెలిసింది. చెరువు పూర్తిగా నిండితే నీరు ఎంతవరకు వస్తుందన్నది హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ) పటాల్లో ఉంటుంది, ఆ హద్దూ, దాని చుట్టూ ఇళ్లు కట్టకూడని బఫరూ తప్పక చూడండి. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా ఏర్పడి కూల్చివేతలు మొదలుపెట్టాక ఆ హద్దు తెలియకుండా కొన్నవాళ్లు పడిన బాధ అందరం చూశాం.

కాగితాల విషయంలో లాయరుకు పది వేలు ఖర్చుపెట్టడానికి వెనకాడకండి. బ్యాంకు వాళ్లు చూశారు కదా అనుకోవద్దు, బ్యాంకు చూసేది తన అప్పు భద్రత కోసం. ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే పత్రం), లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు), రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల 22ఎ నిషేధిత జాబితా లాయరు చూస్తారు. మీరు స్వయంగా చూడవలసినవి రెండున్నాయి. లేఅవుట్ పాత పంచాయతీదైతే ఎల్‌ఆర్‌ఎస్ (అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణ) ఉందని చెబుతారు, దరఖాస్తు రసీదు చూపిస్తారు. రుసుము కట్టాక వచ్చిన ప్రొసీడింగ్స్, అంటే మంజూరు ఉత్తర్వు, అడగండి, రసీదుకూ దానికీ చాలా తేడా ఉంది. ఇక మంజూరైన ప్లాను చేతిలో పెట్టుకుని, టేపుతో ఇంటి చుట్టూ ఖాళీ కొలవండి. ప్లానులో ఒక అంతస్తే ఉండి పైన అదనంగా గది వేసి ఉంటే, ఆ గది కోసం మీరు ఎక్కువ ధర ఇవ్వడం న్యాయం కాదు. రేపు అధికారులు అడిగితే జవాబు చెప్పవలసింది యజమానిగా మీరే.

ప్రయాణం గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు. మా ఇంట్లో రోజూ అందరినీ అలసటపెట్టేది అదే. మీకు పరవాలేదు, సికింద్రాబాద్ దగ్గరే. మీవారి సంగతి ఆలోచించండి. ఔటర్ రింగ్ రోడ్డు ఐదు నిమిషాలని బిల్డరు చెప్పింది నిజమే. కానీ 158 కిలోమీటర్ల ఆ వలయంలో ఘట్‌కేసర్ ఒక పక్కన ఉంటే, రాయదుర్గానికి దగ్గరి గచ్చిబౌలి దాదాపు ఎదురు పక్కన ఉంది. రోజూ సగం వలయం తిరగడానికి పెట్రోలు, టోలు లెక్క వేయండి. మావారు బస్సులో ఉప్పల్ వెళ్లి అక్కడ రాయదుర్గం మెట్రో ఎక్కుతారు. గుమ్మం దాటిన దగ్గర నుంచి ఆఫీసులో కూర్చునేదాకా రెండు గంటలు. 2018లో మొదలైన ఉప్పల్–నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ త్వరలోనే పూర్తవుతుందని మాకూ చెప్పారు. ఏళ్ల తరబడి ఆ తవ్విన రోడ్డు మీదే తిరిగాం. ఎంఎంటీఎస్ లోకల్ రైలు వచ్చే ఏడాదే అన్నారు, ఘట్‌కేసర్ నుంచి లింగంపల్లికి అది మొదలైంది 2024 మార్చిలో. రైళ్లు కూడా తక్కువ కాబట్టి మీ వేళకు రైలు ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. రాబోయేవాటిని లెక్కలోకి తీసుకోకండి. ఒక సోమవారం మీవారు తార్నాక నుంచి కాకుండా ఆ ఇంటి గేటు దగ్గర నుంచి ఏడున్నరకు బయలుదేరి ఆఫీసుకు వెళ్లి, సాయంత్రం తిరిగి అక్కడికే రావాలి. మరో రోజు కూడా అలాగే చేయాలి. పిల్లలు నిద్రపోకముందే ఇల్లు చేరుతున్నారా లేదా అన్నది అప్పుడే తెలుస్తుంది.

డబ్బు లెక్క క్లుప్తంగా చెబుతాను. 80 లక్షలకు బ్యాంకు ఇచ్చేది ఎక్కువలో ఎక్కువ 64 లక్షలు. మిగతా 16 మీవి. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ కలిపి తెలంగాణలో 7.5 శాతం, అంటే ఆరు లక్షలు, దీనికి అప్పు రాదు. మేము కొన్నప్పుడు 6 శాతమే ఉండేది, 2021 జులైలో పెరిగింది. ధర 50 లక్షలకు తక్కువ కాదు కనుక 1 శాతం టీడీఎస్ (ముందే కోసి కట్టే ఆదాయపు పన్ను), అంటే 80 వేలు, బిల్డరుకిచ్చే డబ్బులోంచి మినహాయించి మీరే కట్టాలి. పూర్తయి కంప్లీషన్ సర్టిఫికెట్ వచ్చిన ఇంటికి జీఎస్టీ లేదు. కిటికీ గ్రిల్స్, అల్మరాలు, మోటారు లాంటివాటికి ఇంకో రెండు మూడు లక్షలు పక్కన ఉంచుకోండి. కొంత నగదుగా ఇవ్వమంటే మాత్రం ఒప్పుకోకండి. స్థలం, ఇల్లు అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదు తీసుకోవడం చట్టవిరుద్ధం, పైగా కాగితం మీద ధర తగ్గితే మీ అప్పూ తగ్గుతుంది.

మీరు బయానా ఆపితే వేరేవాళ్లు కొనుక్కుపోతారేమో అన్న భయం నాకు తెలుసు. మేము చూసినప్పుడూ ఇద్దరు వరుసలో ఉన్నారని మా బిల్డరు అన్నాడు. ఆ పక్కిల్లు మాత్రం ఏడాది పాటు ఖాళీగానే ఉంది. మీరు చూసిన ఇల్లు స్టేషనుకు ఏ వైపు ఉందో, వీధి కంటే గేటు ఎత్తుగా ఉందా పల్లంగా ఉందా, సంపు మూత ఎక్కడ ఉందో రాయండి. మా వైపే అయితే ఆదివారం నేనే వెళ్లి, పాలు పోసే పెద్దాయనను కూడా అడిగి మీకు చెబుతాను.