సర్టిఫికెట్ల కన్నా ముందు నీ పిల్లల నోటుబుక్కులు

బిడ్డా,

నీ మెసేజ్ చదివాను. సర్కారు బడిలో టీచర్ ఉద్యోగంలో చేరి రెండో ఏడు నడుస్తోందనీ, ట్రైనింగులు, ఆన్‌లైన్ కోర్సులు, వెబినార్లు రోజుకొకటి గ్రూపుల్లో కనిపిస్తున్నాయనీ, దేనికి వెళ్లాలో తేలక టెన్షన్‌గా ఉందనీ రాశావు. పక్క సెక్షన్ టీచర్ ఫోన్ నిండా సర్టిఫికెట్లే ఉన్నాయి, నేను వెనకబడ్డానేమో అన్నావు. ఏమీ వెనకబడలేదు. నా సర్వీసంతా చూసి నమ్మిన మాట ఒకటుంది. ఏ శిక్షణకు వెళ్లినా నీ తరగతి గదిలోంచి ఒక ప్రశ్న పట్టుకుని వెళ్లు. అది లేకుండా వెళితే ఎంత మంచి రిసోర్స్ పర్సన్ చెప్పినా సాయంత్రానికి చేతిలో ఫైలూ పెన్నూ తప్ప ఏమీ మిగలవు.

ప్రశ్న అంటే పెద్ద సిద్ధాంతం కాదు. మూడో తరగతిలో ఒక పాప 52లోంచి 27 తీసేయమంటే 35 అని రాసేది. ఇంటు మార్కు పెట్టి, అప్పు తెచ్చుకోవడం మళ్లీ నేర్పించినా మర్నాడు అదే వరస. ఆ నోటుబుక్కు తీసుకెళ్లి, చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో బల్ల మీద పెట్టాను. అందరం దాని చుట్టూ చేరాం. పాప ఊరికే ఏదో రాయలేదని అప్పుడు తెలిసింది. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీసి ఐదు వేసింది, ఐదులోంచి రెండు తీసి మూడు వేసింది. తనకంటూ ఒక నియమం పెట్టుకుని, దాన్ని తు.చ. తప్పకుండా పాటించింది. ఒక సీనియర్ మేడమ్ పుల్లల కట్టలతో చేయించమన్నారు: ఐదు పదుల కట్టలు, రెండు విడి పుల్లలు ఇచ్చి ఏడు పుల్లలు అడిగితే, ఒక కట్ట రబ్బరు బ్యాండు తీయాల్సిందేనని పాపకే తోస్తుంది. ఇంకో సార్ అయితే, పలక పక్కన పెట్టి నోటితో అడగమన్నారు. నీ దగ్గర 52 రూపాయలున్నాయి, 27 పెట్టి సామాను తెచ్చావు, అమ్మకు ఎంత తిరిగిస్తావు? మర్నాడు బడిలో అలా అడిగితే పాప ఠక్కున 25 అంది. వాళ్ల నాన్నది కూరగాయల బండి, చిల్లర లెక్క దానికి నోటికి వచ్చు. తలలో ఉన్న ఆ లెక్కను కాగితం మీది పద్ధతితో కలపడమే నా పని అని తెలిసింది. ఆ ఒక్క గంటలో నేర్చుకున్నంత చాలా పెద్ద శిక్షణల్లో కూడా నేర్చుకోలేదు.

అందుకే కాంప్లెక్స్ సమావేశాన్ని సంతకం పెట్టి వచ్చే పనిలా చూడకు. తప్పు చేసిన పిల్లలవి రెండు మూడు నోటుబుక్కులు సంచిలో వేసుకుని వెళ్లు. మొదట్లో అడగడానికి బిడియంగా ఉంటుంది, కొత్త టీచర్‌కు ఏమీ రాదనుకుంటారేమో అని. అనుకోరు. ఒకరు ధైర్యం చేసి అడిగితే మిగతావాళ్లూ తమ సంచులు విప్పుతారు.

నీ బడిలోనే నాలుగు గోడల అవతల ఇంకో బడి ఉంటుంది. ఖాళీ పీరియడ్ దొరికినప్పుడు, హెడ్మాస్టర్‌కు చెప్పి, మంచిగా చెప్తారని పేరున్న టీచర్ తరగతిలో వెనక బెంచీ మీద కూర్చో. పాఠాన్ని కాదు, పిల్లల్ని చూడు. ప్రశ్న అడిగాక ఆ టీచర్ ఎంతసేపు ఆగుతున్నారు? చెయ్యి ఎత్తని పిల్లాడి దగ్గరికి ఎప్పుడు వెళ్తున్నారు? తప్పు జవాబు వస్తే ముఖం ఎలా పెడుతున్నారు? ఇవి ఏ ట్రైనింగ్ మాడ్యూల్‌లోనూ సరిగ్గా దొరకవు. తర్వాత వాళ్లను నీ తరగతికి పిలువు. పిలవడానికి గుండె కావాలి, కానీ మొదటి ఐదేళ్లలో పిలిస్తేనే అలవాటవుతుంది. పదేళ్లు గడిచాక మన తరగతిలోకి ఇంకొకరు రావడం మనకే నచ్చదు.

ఇక ఆన్‌లైన్ శిక్షణల సంగతి. 2020 జాతీయ విద్యా విధానం ప్రతి టీచర్ ఏడాదికి కనీసం 50 గంటలు వృత్తిపరమైన శిక్షణ పొందాలంది. 2019లో కేంద్రం మొదలుపెట్టిన నిష్ఠా అనే టీచర్ల శిక్షణలు తర్వాత దీక్షా అనే ఆన్‌లైన్ వేదిక మీదికి వచ్చాయి, ఇంట్లో కూర్చునే చేసుకోవచ్చు. కొన్ని మాడ్యూళ్లు నిజంగా బాగున్నాయి, ముఖ్యంగా పునాది అక్షరాస్యత, సంఖ్యాజ్ఞానం మీద ఉన్నవి. మన తెలంగాణలో చిన్న తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు గట్టిపడాలని 2022లో తెచ్చిన తొలిమెట్టు కార్యక్రమంలో నువ్వు చేస్తున్న పనికి అవి నేరుగా పనికొస్తాయి. కానీ వీడియో ఒకవైపు నడుస్తుంటే ఇంకోవైపు కూర తాలింపు పెట్టుకుని, చివర్లో జవాబులు గ్రూపులో అడిగి తెచ్చుకునే సర్టిఫికెట్ నీకు వద్దు. నెలకొక మాడ్యూల్ చాలు. అందులోంచి ఒక్క పని తీసుకుని వారం రోజులు తరగతిలో చేసి చూడు. ఏమైందో డైరీలో నాలుగు లైన్లు రాసుకో, పనిచేయకపోతే ఎందుకు చేయలేదో కూడా.

భాష విషయం వేరుగా చెప్తాను, హైదరాబాద్ బడిలో అదే అసలు కష్టం. 2022-23 నుంచి మన సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం వచ్చింది, పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్. నీ తరగతిలో ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు, బిహార్, ఒడిశాల నుంచి పనికి వచ్చినవాళ్ల పిల్లలు కూడా ఉన్నారన్నావు. వాళ్లకు ఆ రెండు పేజీలూ కొత్తవే. తార్నాకలోని ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం), మేమంతా సీఫెల్ అని పిలిచిన సంస్థ, 1958 నుంచి ఇంగ్లిష్ టీచర్లను తయారు చేస్తోంది. అక్కడ ఇంగ్లిష్ బోధనలో పీజీ సర్టిఫికెట్ దూరవిద్యలో ఉంది. డబ్బూ సమయమూ పెట్టే కోర్సు ఒక్కటే ఎంచుకోమంటే నేను దీన్నే ఎంచుకోమంటాను. అర్హతలు, ఫీజు ఆ ఏటి నోటిఫికేషన్‌లో చూసుకో. దానితో పాటు మీ బడిలోని ఉర్దూ మేడమ్ దగ్గర రోజుకు నాలుగు మాటలు నేర్చుకో. పిల్లవాడితో వాడి భాషలో "క్యా హువా బేటా" అంటే చాలు, దగ్గరికి వస్తాడు.

బీఎడ్ సంగతి అడిగావు. నీది డీఎడ్ కాబట్టి, రేపు స్కూల్ అసిస్టెంట్‌గా, అంటే పై తరగతుల సబ్జెక్టు టీచర్‌గా ప్రమోషన్ కావాలంటే ఆ సబ్జెక్టుతో డిగ్రీ, బీఎడ్ రెండూ కావాలి. జూబ్లీహిల్స్‌లోని అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, నీలాంటి శిక్షణ పొందిన టీచర్ల కోసం ఎంట్రన్స్ పెట్టి దూరవిద్యలో బీఎడ్ ఇస్తుంది. ఏ కోర్సులో చేరినా ముందుగా రాతపూర్వకంగా శాఖ అనుమతి తీసుకో, పూర్తయ్యాక సర్వీస్ రిజిస్టర్‌లో ఎక్కించుకో. ఇది మరిచిపోయి తర్వాత ప్రమోషన్ లిస్టు దగ్గర కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లను చూశాను.

మాదాపూర్‌లో సీసీఆర్‌టీ అనే కేంద్ర సాంస్కృతిక శిక్షణ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. బొమ్మలాటతో, పాటతో, చేతిపనులతో పాఠం చెప్పడం నేర్పిస్తారు. సాధారణంగా శాఖ తరఫున పంపుతారు కాబట్టి సర్క్యులర్ వచ్చినప్పుడు పేరు ఇమ్మని హెడ్మాస్టర్‌ను ఇప్పుడే అడిగి పెట్టుకో. కొత్తవాళ్లకు రాదులే అని ఊరుకోవద్దు. చాలాసార్లు ఇంకెవరూ పేరు ఇవ్వరు.

పుస్తకాలు కూడా శిక్షణే. తార్నాకలోని 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ వాళ్ల పిల్లల పుస్తకాలు చవకగా దొరుకుతాయి, ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాతవి ఇంకా చవక. నెలకు రెండు కొని తరగతిలో తాడుకు వేలాడదియ్యి. వాటిలో ఏది పిల్లలు మళ్లీ మళ్లీ తీస్తున్నారో గమనించు.

ప్రైవేటు బడిలో ఉన్న నీ స్నేహితురాలికీ చెప్పు. దీక్షా కోర్సులూ, స్వయం అనే కేంద్రం ఆన్‌లైన్ వేదిక కోర్సులూ ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు, స్వయంలో సర్టిఫికెట్ పరీక్షకు మాత్రమే ఫీజు. వాళ్లది సీబీఎస్ఈ బడి అయితే అక్కడా 50 గంటల నియమం ఉంది, అందులో 25 గంటలు బడిలోనే చేయించవచ్చు. ఆ 25 గంటలు ఎవరో వచ్చి ఉపన్యాసం ఇవ్వడంతో అయిపోకుండా, నోటుబుక్కులు ముందు పెట్టుకుని కూర్చుందామని ప్రిన్సిపాల్‌ను అడగమను. టీచర్ అర్హత పరీక్ష టెట్‌లో స్కోరు పెంచుకోవాలని ఉంటే మళ్లీ రాయమను, సర్కారు టీచర్లను ఎంపిక చేసే డీఎస్సీలో దానికి 20 శాతం వెయిటేజీ ఉంది.

ఒక్కటే జాగ్రత్త. అన్నీ ఈ ఏడే చెయ్యాలని పెట్టుకోకు. మొదటి ఏళ్లలో గొంతు పోతుంది, కాళ్లు లాగుతాయి, ఇంటికొచ్చాక మాట్లాడే ఓపిక ఉండదు. ఈ ఏడాదికి కాంప్లెక్స్ సమావేశాలూ, ఒక సీనియర్ తరగతీ, నెలకొక మాడ్యూలూ చాలు. ఇఫ్లూ అయినా బీఎడ్ అయినా వచ్చే ఏడు, అదీ ఏదో ఒకటి. నోటిఫికేషన్ పడగానే ఫోన్ చెయ్యి, అనుమతి దరఖాస్తు ఇద్దరం కూర్చుని రాద్దాం.

నీ పెద్దమ్మ