పద్దెనిమిది వేలు కట్టే ముందు

విజయనగరం

చిరంజీవి చిన్నబాబుకి మావయ్య దీవెనలు.

నీ ట్యాక్సీకి నీళ్లలోంచి గ్యాసు తీసి ఇంజనుకిచ్చే ఆ నీళ్ల కిట్ పెట్టిస్తున్నావని, రెండు వేలు అడ్వాన్సు కూడా ఇచ్చేశావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. పెట్రోలు సగానికి సగం మిగులుతుందని కిట్ అమ్మేవాడు అన్నాడట. మిగతా పదహారు వేలూ ఇవ్వకుండా ఆగు. ఇది చదివాక నీ ఇష్టం.

నీకు తెలియని సంగతొకటి ఉంది. గ్యారేజీ నడిపే రోజుల్లో నేనూ పెట్టించాను, నా పాత మారుతీ 800కి. బ్యాటరీ పక్కన ఒక ప్లాస్టిక్ డబ్బా, అందులో స్టీలు రేకులు, నీళ్లు, కాస్త కాస్టిక్ సోడా. ఇంజను స్టార్ట్ చేస్తే రేకుల మధ్య నుంచి బుడగలు బుసబుసా లేచేవి. ఆ గ్యాసు గొట్టంలోంచి ఇంజనులోకి పోయేది. వచ్చినవాళ్లందరికీ బానెట్ ఎత్తి చూపించేవాణ్ణి. మొదటి వారం మైలేజీ పెరిగింది కూడా. పెరగదూ మరి? బిగించినవాడు టైర్లలో గాలి కొట్టాడు, ప్లగ్గులు మార్చాడు, నేనేమో యాక్సిలరేటర్ తొక్కడానికే భయపడుతూ నడిపాను. తర్వాత నెల్లాళ్లు ట్యాంకు ఫుల్లు చేసిన ప్రతిసారీ కిలోమీటర్లు రాసుకున్నాను. పాత మైలేజీయే. డబ్బాలో నీళ్లు మాత్రం డికాషన్ రంగుకి తిరిగాయి. ఒకరోజు వేడెక్కి, సోడా నురగ గొట్టంలోకి ఎక్కి కార్బురేటర్‌ని తినేసింది. సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు.

బుడగలు అబద్ధం కాదు బాబూ. నీళ్లలో కరెంటు పంపితే హైడ్రోజన్, ఆక్సిజన్ విడిపోతాయని బళ్లో నువ్వూ చదివావు. ఆ కరెంటు ఆల్టర్నేటర్ నుంచి వస్తుంది. ఆల్టర్నేటర్‌ని ఇంజను తిప్పుతుంది. ఇంజను తాగేది మళ్లీ పెట్రోలే! పలాసలో జీడిపిక్కల తొక్కు ఎలా భగ్గున మండుతుందో నీకు చెప్పక్కర్లేదు. మిగిలిన బూడిదని మళ్లీ పొయ్యిలో పోస్తే మంట వస్తుందా? నీళ్లంటే హైడ్రోజన్ మండిపోగా మిగిలిన బూడిద. దాన్ని విడదీయాలంటే, మండినప్పుడు వచ్చిన శక్తంతా తిరిగి కట్టాలి, పైన కొంత వడ్డీ.

లెక్క చూడు. ఆరు గదుల డబ్బాకి 20 ఆంపియర్లు ఇస్తే గంటకి సుమారు నాలుగున్నర గ్రాముల హైడ్రోజన్ వస్తుంది. శక్తిలో అది మూడు నాలుగు చెంచాల పెట్రోలుతో సమానం. ఆ కరెంటు పుట్టించడానికి ఇంజను అదనంగా తాగేది ఓ టీ గ్లాసుకి తక్కువుండదు.

అమెరికాలో స్టాన్లీ మేయర్ నీళ్లతో బండి నడిపాడని వాడు నీకు వీడియో చూపిస్తాడు. ఆ మేయర్ యంత్రాన్ని నిపుణులు పరిశీలించి నీళ్లలో కరెంటు పంపి విడదీసే మామూలు ఎలక్ట్రాలసిస్సేనన్నారు. 1996లో ఒహాయో కోర్టు అది మోసమని తేల్చి, డబ్బు పెట్టిన ఇద్దరికి 25,000 డాలర్లు తిరిగి ఇమ్మంది.

గడ్కరీ గారు 2022 మార్చిలో పార్లమెంటుకి వెళ్లిన హైడ్రోజన్ కారు టయోటా మిరాయ్ సంగతి వేరు. అందులో హైడ్రోజన్‌ని సిలిండర్లలో నింపుతారు, నీళ్లు వెనక నుంచి బయటికొస్తాయి. ఆ హైడ్రోజన్ కిలో నీళ్లలోంచి తీయాలంటే యాభై యూనిట్లకి పైనే కరెంటు కావాలి. ఆ కిలోతో మిరాయ్ వంద కిలోమీటర్లు పోతుంది. అంత కరెంటూ నేరుగా ఎలక్ట్రిక్ కారు బ్యాటరీకి ఎక్కిస్తే మూడు వందలు పోవచ్చు.

ఇంకా నమ్మకం పోకపోతే వాణ్ణి ఒక్కటే అడుగు. పెట్రోలు పైపు పీకేసి, బ్యాటరీ ఛార్జి ముందూ వెనకా చూసి, ఒట్టి నీళ్లతో శ్రీకాకుళం నుంచి ఆమదాలవలస దాకా నడిపి చూపించమను. సాయంత్రానికి ఫోన్ ఎత్తడు. ఒకవేళ బిగించి ఊరుకున్నా, అనుమతి లేకుండా బండిలో మార్పులు చేస్తే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. రేపు ఏదైనా జరిగితే ఇన్సూరెన్సువాళ్లతో పేచీ. ట్యాక్సీ బండి, మనుషుల్ని ఎక్కించుకుంటావు.

ఖర్చు తగ్గించుకోవాలంటే దారులున్నాయి. పదిహేను రోజులకోసారి టైర్ల గాలి చూసుకో. డిక్కీలో మోస్తున్న ఆ సామానంతా దించు. నీ దారిలో సీఎన్‌జీ బంకు ఉంటే ఆర్టీవో అనుమతితో దాని సంగతి చూద్దాం, అది నిజంగా కలిసొస్తుంది.

అడ్వాన్సు రసీదు పారేయకు. సిరిమాను జాతరకి ఎలాగూ వస్తావు కదా, బండి మీదే రా. ఆ ఎయిర్ ఫిల్టర్ ఎన్నాళ్లయిందో మార్చి, నేనే విప్పి చూస్తాను.

మీ మావయ్య