పెద్ద ట్యాబ్ కొనే ముందు పెన్ను సంగతి తేల్చుకోండి

ఈసారి వచ్చిన సందేహాల్లో ఎక్కువ భాగం పెద్ద తెర ట్యాబ్‌ల మీదే. అందరూ ముందు అడుగుతున్నది ఐప్యాడా, ఆండ్రాయిడా అని. నన్నడిగితే దాన్ని చివరికి వదిలేయండి. మీరు రోజూ చేసే పని ఏ యాప్‌లో జరుగుతుంది, చేత్తో ఎంత రాస్తారు అన్నది ముందు తేలితే కంపెనీ పేరు దానంతట అదే తేలుతుంది.

ప్రశ్న: మా అమ్మాయి కాకినాడలో ఎంబీబీఎస్ రెండో సంవత్సరం చదువుతోంది. నోట్స్ రాసుకోవడానికి, పీడీఎఫ్‌లు చదవడానికి పెద్ద ట్యాబ్ కావాలంటోంది. 13 అంగుళాల ఐప్యాడ్ ఎయిర్, శాంసంగ్ ట్యాబ్ ఎస్10 ఎఫ్‌ఈ ప్లస్, వన్‌ప్లస్ ప్యాడ్ 3 చూశాం. ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు. ఏది కొనమంటారు?

రెండో సంవత్సరం అంటే పాథాలజీ, ఫార్మకాలజీ, మైక్రోబయాలజీ. చదవడం ఎంతో, బొమ్మలు వేయడం కూడా అంతే. రికార్డు పుస్తకంలో పింక్, వయొలెట్ పెన్సిళ్లతో స్లైడు బొమ్మ వేసేటప్పుడు చూడండి, కణం అంచు గట్టిగా నొక్కి గీస్తారు, లోపల తేలిగ్గా రుద్దుతారు. ట్యాబ్ మీద కూడా అలాగే రావాలంటే పెన్ను ఒత్తిడిని గుర్తించాలి. మీరు తేల్చుకోవాల్సిన మొదటి విషయం ఇదే.

ఈ ఐప్యాడ్ ఎయిర్‌కు రెండు రకాల యాపిల్ పెన్సిళ్లు పనిచేస్తాయి. చవకైనది యూఎస్‌బీ-సీ పెన్సిల్. అది ఒత్తిడిని గుర్తించదు. ఎంత నొక్కినా గీత మందం మారదు. రెండోది పెన్సిల్ ప్రో. ఒత్తిడి గుర్తిస్తుంది, ట్యాబ్ అంచుకు అయస్కాంతంతో అంటుకుని ఛార్జ్ అవుతుంది, ఎక్కడైనా మర్చిపోతే ఫైండ్ మై యాప్‌లో వెతుక్కోవచ్చు. హాస్టల్లో ఉండే పిల్లకు ఆ చివరి సౌకర్యం చిన్నదేమీ కాదు. కానీ రెండూ విడిగా కొనుక్కోవాల్సినవే. మన దగ్గర మొదటిది రూ.7,900కు, ప్రో రూ.11,900కు విడుదలయ్యాయి. షాపులో చెప్పిన ఐప్యాడ్ ధరకు దీన్ని కలిపి చూసుకోండి. ఇంట్లో పాత యాపిల్ పెన్సిల్ రెండో తరానిది ఉందని ధీమాగా ఉండొద్దు. అది ఇప్పటి ఎయిర్‌కు పనిచేయదు.

శాంసంగ్ ఎస్10 ఎఫ్‌ఈ ప్లస్‌లో ఎస్ పెన్ డబ్బాలోనే వస్తుంది. ఇది వేకామ్ అనే కంపెనీ పద్ధతిలో పనిచేస్తుంది. తెర కింది పొర నుంచి వచ్చే అయస్కాంత క్షేత్రంతోనే పెన్నులోని చిన్న తీగచుట్టకు కావాల్సినంత కరెంటు అందుతుంది. అందుకే రాయడానికి పెన్నుకు ఛార్జింగ్ అక్కర్లేదు. పొద్దున ఎనిమిదింటికి క్లాసులో కూర్చున్నాక పెన్ను చచ్చిపోయిందన్న టెన్షన్ ఉండదు. ఒత్తిడినీ గుర్తిస్తుంది. యాపిల్ పెన్సిల్లో మాత్రం బ్యాటరీ ఉంటుంది. సెలవులకు ఇంటికొచ్చి నెలల తరబడి డ్రాయర్లో పడేస్తే ఆ బ్యాటరీ పూర్తిగా పాడైపోయే ప్రమాదం ఉంది.

ఇక తెర ఆకారం. దీన్ని ఎవరూ పట్టించుకోరు గానీ పీడీఎఫ్‌లు చదివేవాళ్లకు చాలా ముఖ్యం. ఏ4 కాగితం ఎత్తు వెడల్పుకు సుమారు 1.41 రెట్లు. వన్‌ప్లస్ ప్యాడ్ 3 తెర దాదాపు అదే నిష్పత్తి. పేజీ నిలువుగా పెడితే తెర నిండా కూర్చుంటుంది. ఐప్యాడ్ 1.33, అదీ దగ్గరే. శాంసంగ్ 1.6 కాబట్టి నిలువుగా పట్టుకుంటే పేజీకి పైనా కిందా ఖాళీ మిగులుతుంది. అడ్డంగా పెట్టి సగంలో పుస్తకం, సగంలో నోట్స్ తెరిచినప్పుడు మాత్రం శాంసంగ్ తెరే హాయిగా ఉంటుంది. మీ అమ్మాయి ఎలా చదువుతుందో తననే అడగండి.

నా సలహా ఇది. పెన్సిల్ ప్రోతో కలిపి బడ్జెట్ సరిపోతే ఐప్యాడ్ ఎయిర్ తీసుకోండి. నోట్స్ యాప్‌లు దాంట్లోనే బలంగా ఉన్నాయి. అప్‌డేట్లు కూడా చాలా ఏళ్లు వస్తాయి: 2018లో వచ్చిన ఐప్యాడ్ ప్రోకు 2025లో ఐప్యాడ్‌ఓఎస్ 26 అందింది. ఎంబీబీఎస్ పూర్తయ్యేదాకా నిశ్చింతగా నడుస్తుంది. బడ్జెట్ సరిపోకపోతే ఎస్10 ఎఫ్‌ఈ ప్లస్ కొనండి. లెక్చర్ వీడియోలు దాచుకోవడానికి మెమరీ కార్డు వేసుకునే వీలూ ఉంది. ఐప్యాడ్‌లో అది లేదు. రాత తక్కువ, చదువుడు ఎక్కువ అయితే వన్‌ప్లస్ బాగుంటుంది, పెన్ను విడిగా కొనాలి. ఐప్యాడ్ కొని డబ్బు మిగలక చవక పెన్సిల్‌తో సరిపెట్టడం మాత్రం వద్దు.

ఏది కొన్నా నోట్స్‌ను వారానికోసారి పీడీఎఫ్‌గా మార్చి డ్రైవ్‌లో పెట్టుకోమనండి. శాంసంగ్ నోట్స్‌లో రాసింది రేపు ఐప్యాడ్‌కు మారితే అలాగే తెరుచుకోదు. రెండేళ్ల కష్టం ఒక్క యాప్‌లో ఇరుక్కుపోకూడదు.

ప్రశ్న: విజయవాడలో డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు బుక్కుల పని. పాత కంప్యూటర్ తీసేసి 14.6 అంగుళాల శాంసంగ్ అల్ట్రా ట్యాబ్, కీబోర్డు పెట్టుకుంటే సరిపోతుందా? డెక్స్‌లో అచ్చం కంప్యూటర్‌లాగే ఉంటుందని చూపించారు.

సరిపోదు. డెక్స్ అంటే ట్యాబ్ తెరను కంప్యూటర్‌లా మార్చే శాంసంగ్ సౌకర్యం. అందులో కిటికీలు, టాస్క్‌బార్ కంప్యూటర్‌లాగే కనిపిస్తాయి, నిజమే. కానీ లోపల నడిచేవి ఆండ్రాయిడ్ యాప్‌లే. మీ రోజువారీ పని బహుశా పేజీలు కూర్చే పేజ్‌మేకర్, తెలుగు టైపు చేసే అను స్క్రిప్ట్ మీదే నడుస్తుంటుంది. రెండూ విండోస్‌వి. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ వచ్చిందే 2001లో. అను ఫాంట్లు యూనికోడ్ (అన్ని పరికరాలూ ఒకేలా చదివే అక్షర పద్ధతి) కావు కాబట్టి పాత ఫైళ్లు ట్యాబ్‌లో ఎలాగోలా తెరిచినా అక్షరాలు చిందరవందరగా వస్తాయి. ఐప్యాడ్‌ఓఎస్ 26లో కిటికీలు, మెనూ బార్ వచ్చాయని ఐప్యాడ్ వైపు చూసినా మీ పనికి ఇదే సమాధానం.

ట్యాబ్ ఆకారమే కావాలంటే సర్ఫేస్ ప్రో లాంటి విండోస్ పరికరం ఉంది. అందులోనూ జాగ్రత్త. స్నాప్‌డ్రాగన్ ప్రాసెసర్ ఉన్న మోడళ్లలో మామూలు పాత సాఫ్ట్‌వేర్ చాలావరకు నడిచినా, పాత ప్రింటర్ డ్రైవర్లు (ప్రింటర్‌ను నడిపే ప్రోగ్రాములు), డాంగిల్ లాక్‌లు (సాఫ్ట్‌వేర్ తెరుచుకోవడానికి గుచ్చే తాళంలాంటి పరికరాలు) మొరాయిస్తాయి. ఆ ప్రాసెసర్ కోసమే రాసిన డ్రైవర్ ఉంటేనే అవి పనిచేస్తాయి. మీకు ఇంటెల్ ప్రాసెసర్ ఉన్నదే సరైనది. కొనే ముందు మీ ప్రింటర్ మోడల్ నంబరు పట్టుకెళ్లి అడగండి.

అలాగని మీ సెంటర్లో ట్యాబ్‌కు పనే లేదనను. ప్రూఫులకు చాలా బాగా పనికొస్తుంది. శుభలేఖ పీడీఎఫ్ తెరిచి పార్టీ చేతికి పెన్నిస్తే, ముహూర్తం తప్పుపడినచోట, పెద్దల పేర్లు ముందువెనకలైనచోట వాళ్లే చుట్టేస్తారు. ఆ కాపీ సేవ్ అవుతుంది. రేపు ప్రింటయ్యాక ‘మేం ఇలా చెప్పలేదు’ అనే గొడవ ఉండదు. దీనికి అల్ట్రా అక్కర్లేదు, పెన్ను ఉన్న 11 అంగుళాలది చాలు. అల్ట్రా సుమారు 700 గ్రాములు ఉంటుంది, చేతులు మారుతూ ఉండే పనికి అది బరువు. బయట ఉన్నప్పుడు సెంటర్లోని కంప్యూటర్ చూసుకోవాలంటే క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్ పెట్టుకోండి, ఉచితమే.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో రూ.250 పెట్టి స్టైలస్ కొన్నాను. అన్ని ట్యాబ్‌లకూ పనిచేస్తుందన్నారు. రాస్తుంటే నా అరచెయ్యి తగిలి పిచ్చిగీతలు పడుతున్నాయి. ట్యాబ్‌లో లోపమా?

ట్యాబ్‌లో లోపమేమీ లేదు. ఆ స్టైలస్‌ను ట్యాబ్ వేలుగానే చూస్తుంది. మీ అరచెయ్యీ దానికి మరో వేలే. రెండింటికీ తేడా తెలియాలంటే పెన్ను, తెర ఒకే పద్ధతిలో మాట్లాడుకోవాలి. అందుకే ఎస్ పెన్ ఐప్యాడ్ మీద పనిచేయదు, యాపిల్ పెన్సిల్ శాంసంగ్ మీద పనిచేయదు. మీ ట్యాబ్ మోడల్‌కు కంపెనీ చెప్పిన పెన్నే కొనండి. అసలు కొన్ని చవక ట్యాబ్‌లకు అలాంటి పెన్నే ఉండదు, అది కూడా చూసుకోండి.

ప్రశ్న: ఫోన్‌లో ఎక్సెల్ ఫైళ్లు ఉచితంగా ఎడిట్ చేసేవాడిని. కొత్త 12 అంగుళాల ట్యాబ్‌లో తెరిస్తే చూడటమే గానీ మార్చనివ్వడం లేదు. సబ్‌స్క్రిప్షన్ అడుగుతోంది.

మైక్రోసాఫ్ట్ నియమమే అంత. తెర 10.1 అంగుళాలు దాటితే మొబైల్ యాప్‌లో ఎడిటింగ్‌కు మైక్రోసాఫ్ట్ 365 చందా కట్టాలి. పెద్ద ట్యాబ్ అమ్మేటప్పుడు ఈ మాట ముందే చెప్పాల్సింది, కొనేవాడికి ఇది అదనపు ఖర్చు. చందా వద్దనుకుంటే బ్రౌజర్లో వెబ్ ఎక్సెల్ తెరవండి, లేదా గూగుల్ షీట్స్ వాడండి. మాక్రోలు (ఎక్సెల్‌లో పనులు వాటంతటవే జరిగేలా రాసి పెట్టుకునే ఆదేశాలు) మాత్రం చందా కట్టినా ఇలాంటి ట్యాబ్‌లో నడవవు. ఆఫీసు ఫైళ్లలో మాక్రోలు ఉంటే ల్యాప్‌టాప్ ఉంచుకోవాల్సిందే.

ప్రశ్న: రిటైర్డ్ తెలుగు టీచర్ని. టైపింగ్ రాదు. పెన్నుతో తెలుగులో రాస్తే అక్షరాలుగా మారే ట్యాబ్ ఉందా?

దీనికి ఆండ్రాయిడ్ వైపు వెళ్లండి. గూగుల్ కీబోర్డు యాప్ జీబోర్డ్ సెట్టింగ్స్‌లో లాంగ్వేజెస్‌కు వెళ్లి తెలుగు ఎంచుకుంటే అందులో హ్యాండ్‌రైటింగ్ అనే లేఅవుట్ కనిపిస్తుంది. అది పెట్టుకుని కింద వచ్చే ఖాళీ చోటులో రాస్తే పైన అక్షరాలవుతాయి. ఒక్కో పదం విడివిడిగా రాయండి. ఒత్తులు, వట్రసుడులు కాస్త స్పష్టంగా వేయండి. అది తప్పుగా గుర్తించినప్పుడు పైన వరుసలో వేరే పదాలు చూపిస్తుంది, సరైనది తాకితే చాలు. ఐప్యాడ్‌లో చేతిరాతను అక్షరాలుగా మార్చే స్క్రిబుల్ ఇంగ్లిష్ రాతకు చక్కగా ఉంటుంది గానీ, తెలుగు కోసం దాన్ని నమ్ముకుని కొనొద్దు.

పేజీలకు పేజీలు రాయాలంటే మాత్రం ఇది నెమ్మదే. గూగుల్ డాక్స్ తెరిచి అదే జీబోర్డ్‌లో మైక్ గుర్తు నొక్కి తెలుగులో చెప్పండి, తర్వాత తప్పులు పెన్నుతో దిద్దుకోండి. కొనే ముందు షాపులోనే డెమో ట్యాబ్ అడిగి మీ పేరు, మీ ఊరి పేరు, ‘సంస్కృతి’, ‘స్వాతంత్ర్యం’ రాసి చూడండి.