గ్రౌండ్ లేని స్కూల్లో రెండేళ్ళు చదివించాక నేను చెప్పేది

ఇంటి దగ్గరి స్కూల్లో చదువు బాగుంది కానీ ఆడుకోవడానికి జాగా లేదు, గ్రౌండ్ ఉన్న స్కూలేమో బస్సులో 40 నిమిషాలు, మూడో తరగతి బాబును ఎందులో వేయాలి అని అడిగారు. నాలుగేళ్ళ క్రితం మా ఇంట్లోనూ ఇదే చర్చ. దగ్గరని చూసి వేశాం, అది తప్పని తర్వాత తెలిసింది.

మేం కూకట్‌పల్లిలో ఉంటాం. మా అమ్మాయిని ఒకటో తరగతిలో వేసిన స్కూలు నాలుగంతస్తుల బిల్డింగ్. పైన రేకుల షెడ్డు, గేమ్స్ పీరియడ్ అంటే అందులో వరసగా నిలబెట్టి డ్రిల్లు చేయించడం. ఇంటర్వెల్‌లో కారిడార్‌లో పరిగెత్తితే తిట్లు. మార్కులు బాగానే వచ్చేవి, అందుకే మేమూ పట్టించుకోలేదు. కానీ ఇంటికి రాగానే చిరాకు, చిన్న మాటకే ఏడుపు. సాయంత్రం అపార్ట్‌మెంట్ కింద పిల్లలు ఆడుతుంటే కాసేపు చూసి పైకి వచ్చేసేది. ఎందుకమ్మా అంటే "నన్నే దొంగని చేస్తారు" అనేది. పంటలు వేసుకున్నాక ఎవరో ఒకరు దొంగ అవ్వాల్సిందే, తర్వాత ఇంకొకరు అవుతారు, ఆ మాత్రం కూడా దానికి అలవాటు కాలేదు.

నేను చదివింది ప్రకాశం జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూలు. గ్రౌండ్ అంటే ఒక పక్క వేపచెట్లు, ఇంకో పక్క పల్లేరుకాయలు, మధ్యలో సున్నంతో గీసిన ఖోఖో గీతలు, అంతే. మధ్యాహ్నం గబగబా తినేసి ఏడు పెంకులాటకు పరిగెత్తేవాళ్ళం. బంతి తగిలిందా లేదా అని గొడవ, తొండి తొండి అని అరుపులు, ఒకమ్మాయి అలిగి వెళ్ళిపోతే జట్టు సరిపోదు కాబట్టి మళ్ళీ మేమే వెళ్ళి బతిమాలి తెచ్చుకోవాలి. ఏ టీచరూ వచ్చి తీర్పు చెప్పేవారు కాదు. ఆరో తరగతి పిల్లలు అడిగితే పెద్దక్కలు ఆటలో అరటిపండుగా చేర్చుకునేవాళ్ళు. ఓడిపోయి కూడా మర్నాడు మళ్ళీ ఆటకు రావడం నేను అక్కడే నేర్చుకున్నాను. స్కూలుకు గ్రౌండ్ ఉండాలని నేను పట్టుబట్టేది ముందు దీనికోసం, ఆరోగ్యం నా లెక్కలో ఆ తర్వాతే.

అదీ చిన్న విషయమేం కాదు లెండి. రెండో తరగతి చివర్లో పాపకు కళ్ళజోడు వచ్చింది. మా ఇద్దరికీ ఉంది కాబట్టి స్కూలు వల్లే అనను. కానీ కళ్ళ డాక్టర్ గారు మొదట అడిగింది రోజుకు ఎంతసేపు ఆరుబయట ఉంటుంది అని. తర్వాత నేనూ చదివాను. చైనాలోని గ్వాంగ్‌జౌలో 12 స్కూళ్ళ ఒకటో తరగతి పిల్లలతో చేసిన పరిశోధన 2015లో వచ్చింది. ఆరు స్కూళ్ళలో రోజూ 40 నిమిషాలు అదనంగా బయట గడిపేలా చూశారు. మూడేళ్ళలో ఆ పిల్లల్లో 30 శాతం మందికి హ్రస్వదృష్టి, అంటే దూరంగా ఉన్నవి మసగ్గా కనిపించడం, వస్తే, మిగతా ఆరు స్కూళ్ళలో దాదాపు 40 శాతం మందికి వచ్చింది. ఇక ప్రపంచ ఆరోగ్య సంస్థ 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్ళు కదిలే ఆట ఉండాలంటుంది. మన సిటీలో ట్యూషన్, హోంవర్క్ పోగా ఆ గంట స్కూల్లో కాక ఇంకెక్కడ దొరుకుతుంది చెప్పండి?

అడ్మిషన్ అప్పుడు గ్రౌండ్ గురించి అడగడానికి మొహమాటపడకండి. 2009 విద్యాహక్కు చట్టం పెట్టిన ప్రమాణాల్లోనే ఆటస్థలం ఉంది. హర్యానాలో ఒక ఊరి బడి స్థలం ఆక్రమణ కేసులో 2023లో సుప్రీంకోర్టు కూడా ఆటస్థలం లేని బడి ఉండకూడదని చెప్పింది.

మూడో తరగతికి స్కూలు మార్చాం, బస్సులో 35 నిమిషాలు. మొదటి రెండు నెలలు మోకాళ్ళు చీరుకుపోయి, రోజుకొకరితో గొడవపడి వచ్చేది, నాకు టెన్షన్‌గానే ఉండేది. ఇప్పుడు ఐదో తరగతి. మొన్న వచ్చి "అమ్మా, నేను ఔట్ కాలేదు, వాళ్ళు ఒప్పుకోలేదు, సరేలే అని మళ్ళీ ఆడాం" అంది.

అయితే గ్రౌండ్ ఉన్నంత మాత్రాన పిల్లలను అందులోకి వదులుతారని కాదు. బస్సులు నిలపడానికి, యాన్యువల్ డేకి మాత్రమే వాడేవాళ్ళూ ఉన్నారు. ఫీజు కట్టేముందు ఒకరోజు ఇంటర్వెల్ టైముకు వెళ్ళి గేటు బయట నిలబడి చూడండి, సాయంత్రం బయటికొచ్చే పిల్లలను ఇవాళ ఏం ఆడారని అడగండి. బస్సులో మీ స్టాపు ఎన్నోదో, బాబుకు సీటు దొరుకుతుందో లేదో కూడా కనుక్కోండి, నలభై నిమిషాలు నిలబడి రావాల్సి వస్తే మాత్రం నేను కూడా ఇంకోసారి ఆలోచిస్తాను.