ఇటుక మోసే సత్తువ మిగుల్చుకో, అల్లుడూ

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నువ్వూ నీ స్నేహితులూ రాజమండ్రి నుంచి అంతర్వేది దాకా సైకిళ్ల మీద వెళ్తూ చందాలు పోగుచేసి, అక్కడ ఒకావిడకి ఇల్లు కట్టిస్తారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆ రాత్రి సంతోషంతో నాకు నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

ఒక్క రోజులో చేరిపోతాం అన్నావట. వద్దు. దారి 100 కిలోమీటర్లు దాటుతుంది. మనది బల్లపరుపు నేల, తొక్కడం తేలికేనని అందరూ అనుకుంటారు. కానీ పల్లం లేని చోట సైకిలు దానంతటది దొర్లదు. పొద్దుటి నుంచీ తొక్కుతూనే ఉండాలి. తొడలకీ నడుముకీ విశ్రాంతి దొరకదు. మధ్యాహ్నం అయ్యేసరికి సముద్రపు గాలి ఎదురుకొడుతుంది. మొదటి రాత్రి అమలాపురంలో ఆగండి. సంక్రాంతి వెళ్లాక పెట్టుకుంటే ఎండ బాధ తక్కువ, కానీ మంచు విడిచేదాకా రోడ్డెక్కకండి. ఆ మంచులో లారీవాళ్లకి మీరు కనపడరు.

ధవళేశ్వరం బ్యారేజీ దాటి బొబ్బర్లంక నుంచి లొల్ల మీదుగా కాలవ గట్టున వెళ్లండి. కాటన్ దొర హయాంలో ఆనకట్ట పూర్తయింది 1852లో. ఆ నీళ్ల పక్కన, చెట్ల నీడన తొక్కుతుంటే అలుపు తెలీదు. రావులపాలెంలో అరటిపళ్లు కొనుక్కోండి. దాహం వేసేదాకా ఆగకుండా ఉప్పు వేసిన మజ్జిగ గుక్క గుక్కగా తాగుతుండాలి. ఇద్దరికో గాలి పంపు, పంక్చర్ సామాను ఉండాలి. సీటు ఎత్తు మాత్రం ముందే సరిచూసుకోండి, లేకపోతే మోకాళ్లు పట్టేస్తాయి.

చందా డబ్బులోంచి టీ కూడా తాగొద్దు. మీ తిండి, మీ టీషర్టులు మీ జేబులోవే. ఇచ్చిన ప్రతివాళ్ల పేరూ పుస్తకంలో రాసి, ఏ రోజు లెక్క ఆ రోజే అందరి ముందూ చదవండి.

ఇప్పుడు అసలు సంగతి. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమని ఊడ్చేశాక, మేం నలుగురం ఇలాగే సైకిళ్ల మీద తిరిగి డబ్బు పోగుచేసి, గోదావరి లంకలో ఒక ముసలావిడకి ఇల్లు కట్టాం. మొదటి రోజే పంతానికి పోయి ఒళ్లు హూనం చేసుకున్నాను. తీరా పని మొదలయ్యాక మూడు రోజులు తట్ట ఎత్తలేకపోయాను. అది నేను మర్చిపోగలను. ఇంకొకటి మర్చిపోలేను. పునాది వేసేటప్పుడు ఆవిడ కొబ్బరిచెట్టు మొదలు దగ్గర నిలబడి, "86 వరదకి నీళ్లు ఇదిగో ఇంతవరకూ వచ్చాయి బాబూ, ఇంకో రెండడుగులు లేపండి" అంది. మాకేమో శ్లాబుకి డబ్బు చాలదని టెన్షన్. వినలేదు. 2006 వరదకి ఆ ఇంట్లో మంచం మునిగేంత నీళ్లు నిలిచాయి. పరామర్శకి వెళ్తే ఆవిడ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. ముందు కాసిని మంచినీళ్లిచ్చింది.

1976లో అమెరికాలో మొదలైన హేబిటాట్ ఫర్ హ్యుమానిటీ అని, లేనివాళ్లకి ఇళ్లు కట్టించే సంస్థ వాళ్లు ఇల్లు పొందేవాళ్ల చేత కూడా కట్టుబడి పని చేయిస్తారు. నాకు ఆ పద్ధతి నచ్చుతుంది. రోజూ పక్కన నిలబడి ఇటుక అందించే మనిషి మాట పెడచెవిన పెట్టడం కష్టం. మీరూ ఆ అంతర్వేది ఆవిడని మీతో పనిలో కలుపుకోండి. గోడలకి రంగు వేయకపోయినా పరవాలేదు, స్థలం మెరక చేసి పునాది ఎత్తు పెంచండి.

బయల్దేరక ముందే ఒకసారి బస్సులో వెళ్లి ఆవిడని కలిసి రా. నీళ్లు ఎంతవరకు వస్తాయో ఆవిడనే చూపించమని, టేపు పట్టి కొలిచి నాకు రాయి. ఎంత మట్టి, ఎన్ని ఇటుకలు కావాలో నేను లెక్కగట్టి పంపుతాను.

మీ మావయ్య